ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది?

ఉంగుటూరు నుంచి ఇటు తాడేపల్లిగూడెం, అటు ఏలూరు దగ్గరే. అయినా కూలి పనికి వెళ్లే మనిషి పెద్దాసుపత్రికి బయల్దేరితే ఆ రోజు కూలి పోయినట్టే. కొల్లేటి లంకల వాళ్లకు ప్రయాణం మరింత భారం. ఫోన్ తెర మీద డాక్టరు కనిపించడం ఇలాంటి చోట ఎంత మేలో అంకెలే చెబుతాయి.

10 కోట్లలో 3.17 కోట్లు

కేంద్ర టెలీ వైద్య సేవ 'ఈ-సంజీవని' 2019 నవంబరులో మొదలైంది. 2023 ఫిబ్రవరికి దేశం మొత్తం మీద 10 కోట్ల కన్సల్టేషన్లు దాటాయి. వాటిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే సుమారు 3.17 కోట్లు. దేశ జనాభాలో మన వాటా సుమారు నాలుగు శాతమే, ఈ సేవలో మాత్రం దాదాపు మూడో వంతు.

పని జరిగే తీరు ఇదీ. బీపీ ఉన్న ఒకామె ఊళ్లోని క్లినిక్‌కు వస్తుంది. అక్కడి ఆరోగ్య అధికారి బీపీ, షుగర్ చూసి, వివరాలు నమోదు చేసి, హబ్ అనే కేంద్రంలోని డాక్టరుకు వీడియో కాల్ కలుపుతారు. "మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అమ్మా?" అని డాక్టరు అడుగుతారు. "అయిపోయి వారమైందండీ" అని ఆమె చెబుతుంది. చీటీ ఆన్‌లైన్‌లో వస్తుంది, మందులు అక్కడే ఇస్తారు.

57 శాతం, 21 శాతం

ఆ 10 కోట్ల సేవలు పొందినవారిలో సుమారు 57 శాతం మహిళలు. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు మన రాష్ట్రంలో 21 శాతమే, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగినా, ఈ తేడా ఒక నిజం చెబుతోంది. మన పల్లెల్లో డిజిటల్ వైద్యాన్ని నిలబెట్టింది యాప్ ఒక్కటే కాదు. రోగి పక్కన కూర్చుని కాల్ కలిపే ఆరోగ్య అధికారి, ఇంటికొచ్చి పిలిచే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ఆ పోస్టులు ఖాళీగా ఉంటే తెర ఉన్నా ఉపయోగం లేదు.

14 అంకెలు

2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 'ఆభా' ఆరోగ్య ఖాతా నంబరుకు 14 అంకెలు. ఇది ఉచితం, ఐచ్ఛికం. ఈ నంబరుతో కలిపిన వైద్య రికార్డులు ఆసుపత్రిలోనే ఉంటాయి. రోగి అనుమతిస్తేనే మరో డాక్టరుకు కనిపిస్తాయి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు కూడా. రెండు ఆసుపత్రులూ ఈ మిషన్‌లో చేరి ఉంటే, ఏలూరు డాక్టరు రాసిన చీటీ తాడేపల్లిగూడెంలో చూపించడానికి ఫైలు మోయక్కర్లేదు.

కానీ బీపీ చూపించుకున్న ఆమె ఆభా కొడుకు ఫోన్ నంబరుతో తీశారనుకోండి. ఓటీపీ కొడుక్కే వస్తుంది. రోగం ఆమెది, అనుమతి అతనిది. ఆడవాళ్లకు మాత్రమే చెప్పుకోగల సమస్య అయితే, కొడుక్కి తెలుస్తుందని ఆమె క్లినిక్ మెట్లే ఎక్కదు.

అందుకే సొంత ఫోన్ ఉంటే ఆ నంబరే ఇవ్వండి. లేకపోతే వేలిముద్రతో ఆభా తీయగలరేమో క్లినిక్‌లో అడగండి. చీటీ ప్రింటు తీసుకోండి. మీ బీపీ ఎంతో అంకెల్లో అడిగి రాసుకోండి. 140/90 లేదా ఆపైన ఉంటే మళ్లీ చూపించుకోవాలి. ప్రభుత్వం కూడా ఎన్ని కార్డులిచ్చామన్న లెక్కతో ఆగకూడదు. ఎంతమంది రోగులు తమ రికార్డును తామే తెరిచి చూడగలుగుతున్నారో లెక్క తీసి, మండలాలవారీగా బయటపెట్టాలి.