వైఫైలో ఆట తడఁబడుటకుఁ గారణము – దానిని కనుఁగొను విధము

ఆటలో నోడిన బాలుఁడు “నా గుఱి తప్పలేదు, వైఫై తప్పినది” యని చెప్పుట నేఁడు మన యిండ్లలోఁ దఱచుగా వినఁబడుచున్నది. పెద్దలు దీనిని సాకుగాఁ దలఁతురు. కొన్ని సమయములందు అది సాకే. కాని పెక్కు సమయములందు బాలుఁడు చెప్పినది నిజము. దోషమెచ్చట నున్నదో తెలియనందున తండ్రి మఱింత వేగముగల ప్లానునకు ప్రతిమాసమును డబ్బు చెల్లించును. ఆట మాత్రము మునుపటివలెనే తడఁబడును. అదే వైఫైమీఁద అక్క పాఠము వినుచుండును. తల్లి దూరదేశమందున్న కుమారునితో వీడియోలో మాటలాడుచుండును. వారి మాటలు నడుమ నడుమఁ దెగుటకును ఇదియే కారణము కావచ్చును. కావున ఈ విషయము ఆటలాడువారికి మాత్రమే గాక యింటిల్లిపాదికిని దెలియఁదగినది.

ముందుగా గ్రహింపవలసిన దొకటి కలదు. వేగము వేఱు, ఆలస్యము వేఱు. కంపెనీవారు “100 మెగాబిట్లు” అని చెప్పునది ఒక సెకనులో ఎంత సమాచారము రాఁగలదో తెలుపును; ఒక చిన్న వార్త పోయి దాని జవాబు వచ్చుటకు ఎంతకాలము పట్టునో తెలుపదు. ధవళేశ్వరము ఆనకట్టకడ కాలువ వెడల్పుగా నున్నచో నీరు విస్తారముగాఁ బాఱును. కాని తలుపులెత్తిన పిమ్మట ఆ నీరు శివారు పొలమును జేరుటకుఁ బట్టు కాలము వేఱు లెక్క. సినిమా చూచుటకు వెడల్పు కావలెను. ఆటకు స్వల్పమైన వెడల్పే చాలును. చాల ఆటలు ఆడునప్పుడు సెకనునకు ఒక మెగాబిట్టైనను వాడవు. వానికిఁ గావలసినది జవాబు శీఘ్రముగాను, క్రమము తప్పకయు వచ్చుట.

ఈ రాకపోకల కాలమును మిల్లీసెకనులలోఁ గొలుతురు. సెకనులో వేయవ భాగము మిల్లీసెకను. దానిని గొలుచు ‘పింగ్’ అను చిన్న ప్రోగ్రామును 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలోఁ బనిచేయుచుండిన మైక్ మూస్ వ్రాసెను. జలాంతర్గాములను గనిపెట్టుటకు ధ్వనిని నీటిలోనికిఁ బంపి ప్రతిధ్వనిని వినునట్టి సాధనపు శబ్దమునుబట్టి ఆ పేరు వచ్చినది. కంప్యూటరు ఒక చిన్న వార్తను బంపి, దాని జవాబు తిరిగి వచ్చుదాఁక కాలమును లెక్కించును.

ఆలస్యమును సున్న చేయుట ఎవ్వరికిని సాధ్యము గాదు. గాజుతీఁగలో వెలుతురు సెకనునకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి ముంబయికి 700 కిలోమీటర్ల దారి యనుకొన్నచో, పోయి వచ్చుటకుఁ గనీసము 7 మిల్లీసెకనులు కావలెను. సింగపూరులోని సర్వరుతో నాడువానికి దూరము 3,000 కిలోమీటర్లకు మించును గనుక ఆ లెక్క 30కిఁ దగ్గదు. దారిలోని యంత్రములు మఱికొంత చేర్చును. ఇంటిలోని వైఫైని ఎంత సవరించినను ఈ భాగము తగ్గదు.

అయినను స్థిరమైన ఆలస్యము అంత హాని చేయదు. 1996లో వెలువడిన క్వేక్‌వరల్డ్ అను ఆటలో జాన్ కార్మాక్ ఒక యుపాయమును బ్రవేశపెట్టెను. సర్వరు జవాబు కొఱకు వేచియుండక, ఆటగాఁడు మీట నొక్కిన వెంటనే యతని కదలికను తెరపైఁ జూపి, జవాబు వచ్చిన పిమ్మట సరిదిద్దుటయే యా యుపాయము. నేఁటి యాటలు పెక్కు ఈ మార్గమునే యనుసరించుచున్నవి. ఆలస్యము ఎల్లప్పుడు 60గా నున్నచో ఈ యూహ సరిపోవును. ఒక క్షణము 25, మఱుక్షణము 240 అయినచో ఊహ తప్పును; శత్రువు ఉన్నచోటనుండి యెగిరి మఱొకచోటఁ బ్రత్యక్షమగును; తలుపు దాఁటితి ననుకొన్నవాఁడు వెనుకకు లాగఁబడును. ఈ యొడుదొడుకును ‘జిట్టర్’ అందురు. మనము పట్టవలసిన దొంగ యిదియే.

తీఁగలో అంతగా లేని యొడుదొడుకు గాలిలో నేల కలుగును? గాలి అందఱి సొత్తు. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ ఏబ్రమ్‌సన్ బృందమువారు దీవులనడుమ రేడియో మూలమునఁ గంప్యూటర్లను గలిపి అలోహానెట్ అను జాలమును నడపిరి. ఇద్దఱొకేసారి పలికినచో ఇద్దఱి మాటయుఁ జెడును గనుక, చెడిన మాటను గొంతసేపు ఆఁగి మఱలఁ బలుకునట్లు వారు ఏర్పాటు చేసిరి. నేఁటి వైఫై ఆ వంశమునకుఁ జెందినదే. నలువదిమంది పిల్లలున్న తరగతిలో ఒక్కరు మాటలాడునప్పుడు మిగిలినవారు ఊరకుండవలెనను నియమము వంటిది ఇది. ప్రతి పరికరమును ముందు చెవి యొగ్గి వినును. నిశ్శబ్దముగా నున్నచో కొలఁదికాలము ఆఁగి పలుకును. అందినదను గుఱుతు రాకున్నచో మఱలఁ బలుకును. వార్త చేరును గాని యాలస్యమగును. ప్రక్కయింటి రూటరు అదే చానెలుపై నున్నచో వారి మాటలకును మనము ఆఁగవలెను. దూరపు గదిలోని ఫోను నెమ్మదిగాఁ బలుకును గనుక గాలిని ఎక్కువసేపు ఆక్రమించును.

ఇఁక పరీక్షకు వత్తము. ఒక నోటుపుస్తకమును దగ్గఱ నుంచుకొనుఁడు. విండోసు కంప్యూటరులో కమాండ్ ప్రాంప్టును దెఱచి ‘ఐపీకాన్ఫిగ్’ అని యింగ్లీషులో టైపు చేసినచో ‘డిఫాల్ట్ గేట్‌వే’ అను పంక్తియెదుట మీ యింటి రూటరు చిరునామా కనఁబడును. పెక్కిండ్లలో నది 192.168.1.1 గాని 192.168.0.1 గాని యగును. పిమ్మట ‘పింగ్’ అను మాటయు, ఆ చిరునామాయు, చివర ఒక చిన్న అడ్డగీఁతతోఁ గూడిన ‘టి’ అను ఇంగ్లీషు అక్షరమును, నడుమ ఖాళీలు విడిచి టైపు చేయుఁడు. సెకనునకు ఒకటి చొప్పున లెక్కలు వచ్చుచుండును. కంట్రోల్ మీటతో ‘సి’ నొక్కిన నవి ఆఁగును. అట్లే మఱొక కిటికీలో 8.8.8.8 అను గూగుల్‌వారి చిరునామాకుఁ బింగ్ చేయుఁడు. మొదటిది ఇంటిలోని గాలిదారిని మాత్రమే కొలుచును. రెండవది దానితోపాటు ఇల్లు దాఁటిన దారినిఁ గూడఁ గొలుచును. రెండింటిని ఐదు నిమిషములు ప్రక్కప్రక్కన నడపుఁడు.

రూటరు లెక్క 1 మొదలు 5 వఱకు నిలుకడగా నుండి, 8.8.8.8 లెక్క మాత్రము ఎగసిపడుచున్నచో దోషము వైఫైది గాదు. రెండును ఒకేసారి యెగసినచో దోషము గాలిలోనే యున్నది. ఎంత పెద్ద ప్లాను కొన్నను అది పోదు. అయితే ఒక్క లెక్క యెగసినంతనే తీర్పు చెప్పరాదు. కొన్ని రూటర్లు వేఱుపనిలో నుండి పింగ్‌నకు ఆలస్యముగా బదులిచ్చును. నిర్ధారణకై రూటరునుండి కంప్యూటరునకు లాన్ తీఁగను దగిలించి మఱలఁ గొలువుఁడు. తీఁగతో నిలుకడ వచ్చినచో సందేహము తీఱినట్లే.

వైఫైదే దోషమని తేలినచో, అది యెప్పుడు కలుగునో గమనింపుఁడు. మైక్రోవేవ్ పొయ్యి నడచునప్పుడు మాత్రమే యైనచో కారణము స్పష్టము: ఆ పొయ్యియు, 2.4 గిగాహెర్ట్‌జు వైఫైయు ఒకే తరంగముల ప్రాంతమునఁ బనిచేయును. బ్లూటూతును అచ్చటిదే. ఎగసిపాటు గడియారమువలె సమానమైన యెడముతో వచ్చుచున్నచో, తఱచుగా దోషము కంప్యూటరుది: చుట్టుపట్ల వేఱు వైఫైలు గలవేమో యని వెదకుటకు అది తన చానెలును క్షణకాలము విడిచిపోవుచుండును. వైఫై డ్రైవరును గ్రొత్తదిగా మార్చియు, లొకేషను సేవను ఆటవేళ నాఁపియుఁ జూడవలెను. ఫోనులలోను లాప్‌టాపులలోను బ్యాటరీ పొదుపు రేడియోను నడుమ నడుమ నిద్రపుచ్చును. దానిని దీసివేసి చూడుఁడు. సాయంకాలములందు మాత్రమే యైనచో ఇరుగుపొరుగు రూటర్ల రద్దీ యని యనుమానింపవచ్చును.

మందులలో నుత్తమమైనది తీఁగయే. ఈథర్నెట్ తీఁగ 100 మీటర్ల వఱకుఁ బనిచేయును. సామాన్యమైన యింటి కిది మిక్కిలి చాలును. తీఁగ వీలుగానిచో 5 గిగాహెర్ట్‌జుకు మాఱుఁడు. అచ్చట చానెళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. కాని గోడలు దాఁటుటలో నది బలహీనము గనుక రూటరున్న గదిలోనో ప్రక్కగదిలోనో ఆడవలెను. 2.4లోనే యుండవలసివచ్చినచో 1, 6, 11 అను మూఁడు చానెళ్లలో రద్దీ తక్కువగా నున్నదాని నెన్నుకొనుఁడు; ఈ మూఁడును ఒకదానిపై నొకటి పడవు. రూటరును ఇనుప బీరువా వెనుకను, టీవీ క్రిందను దాఁపక, ఎత్తుగా, ఇంటినడుమ నుంచుఁడు. ఒకే రేడియోతోఁ బనిచేయు రిపీటరు ప్రతి మాటను రెండుసారులు గాలిలోఁ బలుకును గనుక ఆటకు మేలు చేయదు.

వైఫై బాగుగనే యున్నను, ఇంటిలో నొకరు వీడియో నెక్కించునప్పుడు మాత్రము 8.8.8.8 లెక్క 30నుండి 300కు లేచునా? ఇది వేఱు రోగము. పోస్టాఫీసు కిటికీయొద్ద ఒకఁడు నూఱు పార్సెళ్లతో ముందు నిలిచినచో, ఒక్క కవరు తెచ్చినవాఁడు వెనుక వేచియుండవలసినట్లు, ఆటవార్తలు వీడియో ముక్కల వెనుకఁ జిక్కుకొనును. దీనికి జిమ్ గెట్టిస్ ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టెను. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ అనువారు ఈ వరుసను బొట్టిగా నుంచు ‘కోడెల్’ అను పద్ధతిని బ్రకటించిరి. కొన్ని రూటర్లలో ఇట్టి యేర్పాటు ‘ఎస్‌క్యూఎం’ అను పేర దొరకును. దానిని నడిపించి, వేగమును మీ లైను వాస్తవవేగమునకు నూటికిఁ బది తక్కువగా నిర్ణయించినచో ఆట నిలుకడపడును. అట్టి రూటరు లేనివారు ఫోనుల బ్యాకప్పును ఆటలేని వేళకు వాయిదా వేసినఁ జాలును.

ఏ మందునైనను ఒక్కొక్కటిగా వాడుఁడు. మూఁడు మార్పులు ఒకేసారి చేసినచో దేనివలన నయమైనదో తెలియదు. తేదీ, గంట, చేసిన మార్పు, వచ్చిన లెక్కలు పుస్తకమున వ్రాసియుంచుఁడు. దోషము రూటరు వెలుపల నున్నదని తేలినచో ఆ పుస్తకమే కంపెనీవారికిఁ జూపఁదగిన సాక్ష్యము. “నెట్టు బాగులేదు” అన్నవానిని వారు త్రిప్పి పంపవచ్చును. “మూఁడు దినములుగా రాత్రి 8 మొదలు 10 వఱకు, తీఁగతోఁ గొలిచినను, ఇంటిలో నెవ్వరును వాడకున్నను, 200 దాఁటుచున్నది” అన్నవానిని అంత సులువుగాఁ బంపలేరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. బాలుఁడు ప్లాను మార్పుమని యడిగినప్పుడు కోపింపకయు, వెంటనే డబ్బు కట్టకయు, ముందు అతని పుస్తకమును జూపుమని యడుగుఁడు. విద్యార్థులకు ఒక మాట. తీఁగతోఁ గొలిచి, లెక్క స్థిరముగా నున్నదని చూచిన పిమ్మటను ఓడినచో, ఎదుటివాఁడు మీకంటె బాగుగా నాడెనని యొప్పుకొనుటయే న్యాయము.