వాకిటిలో చెరగని ముగ్గు

నల్లగొండ, పాలమూరు సీమలలో వేకువనే వాకిలి యూడ్చి, సాంపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు దీర్చు నాచారము మట్టినేలను ఆశ్రయించి పెరిగినది గనుక, ఆ మట్టి క్రమముగా కాంక్రీటు క్రింద మరుగుపడుచున్న యీ కాలమున, వాహనము లోనికి వచ్చు దారికి అలంకారమెట్లు సమకూర్చవలెనన్న ప్రశ్న గృహస్థుల యెదుట నిలిచినది. కొందరు సిమెంటుపై రంగులతో ముగ్గు వేయించుకొనుచున్నారు. కాని చక్రముల రాపిడికిని, వేసవి యెండకును ఆ రంగు చిరకాలము తాళజాలదు. పైపూతకు మారుగా కాంక్రీటులోనే గాడి యేర్పరచి, అందు రాతిపలకనో, ఇత్తడిబద్దనో, రంగు సిమెంటునో పొదిగినచో, ఆ చిత్రము నేలయందే అంతర్భాగమై నిలుచును.

పొదుగు పని మనకు అపరిచితము కాదు. పొరుగుననున్న బీదరునందు, తుత్తునాగము ప్రధానముగాగల మిశ్రలోహపు పాత్రలపై ఉలితో గీతలు చెక్కి, వానియందు వెండిని కొట్టి యెక్కించు బిదరీ కళ శతాబ్దులుగా ప్రసిద్ధము. అయితే ఆ లోహమునకు లేని చిక్కు కాంక్రీటునకు కలదు. తడి ఆరుచుండగా కాంక్రీటు కుదించుకొనును. పగటి యెండకు వ్యాకోచించి రాత్రి చల్లదనమునకు సంకోచించును. క్రిందినేల దాని కదలికను అడ్డగించును. నొక్కుడుకు ఓర్చునంతగా లాగుడుకు ఓర్వలేని యా పదార్థము అప్పుడు బీటవారును. బీట రాకుండ జేయుట దుస్సాధ్యము; అది యెచ్చట రావలెనో నిర్ణయించుట మాత్రము మన చేతిలోనిది. ఈ విద్యకు మూలసూత్రమిదియే: కాంక్రీటు పలక యెచ్చట విడిపోవ నున్నదో అచ్చటనే చిత్రపు ప్రధానరేఖను నడపవలెను.

కార్లు తిరుగు దారికి సాధారణముగా 4 అంగుళముల మందపు పలక వేయుదురు. అట్టి పలకకు 8 మొదలు 10 అడుగుల దూరమున కొకటి చొప్పున, మందములో నాలుగవవంతు, అనగా 1 అంగుళము లోతున, సంధిగీతలు కోయవలెను. మన వేసవిలో ఆ కోత మరునాటికి వాయిదా వేసినచో బీట ముందే తన దారిని తాను వెదకుకొనును. ఈ సంధులనే ముగ్గునకు చట్రముగా గ్రహించి, పొదుగుడు నంతయు గడుల లోపలనే యిముడ్చుకొన్న శిల్పి ధన్యుడు. సంధికి అడ్డముగా రాతిపలకను పరచినచో, ఆ రాయి పగులుటయో ఊడుటయో తప్పదు. సంధిలో గట్టి సిమెంటును గాక, సాగు గుణముగల పూరణమును నింపవలెను. నక్షత్రమునకుగాని పద్మమునకుగాని వాడి కోణము లుండును. ఆ కొనలనుండియే బీటలు ప్రారంభమగును గనుక, అట్టి చిత్రమును ముందొక వృత్తములో నిమిడ్చి, వృత్తమునుండి అంచులవరకు సంధులు తీయుట శ్రేయస్కరము.

పొదుగుటకు మార్గములు రెండు. నూనె పూసిన కొయ్యబద్దలను, సులువుగా ఊడివచ్చుటకై అడుగు సన్నముగను పై భాగము వెడల్పుగను చెక్కించి, పచ్చి కాంక్రీటులో నిలిపి, గట్టిపడిన పిదప తీసి, ఏర్పడిన గాడిలో రాతిని తాపడము చేయుట మొదటిది. గట్టిపడిన నేలను యంత్రపు రంపముతో కోసి, దుమ్ము కడిగి, తడిపి, తెల్ల సిమెంటును ఖనిజవర్ణముతో కలిపి మెత్తుట రెండవది. ఇనుపభస్మముల యెరుపు, పసుపు వర్ణములు ఎండకు వెలియవు; అయినను వర్ణము సిమెంటు తూకములో పదవవంతు మించరాదు, మించినచో బలము క్షీణించును. అల్యూమినియము బద్దలను వర్జింపవలెను: పచ్చి సిమెంటులోని తీవ్రక్షారము ఆ లోహమును తిని ఉదజని వాయువును పుట్టించును. ఇత్తడికి అట్టి భయము లేదు. రాతిని నునుపు చేయించినచో వానలో పాదము జారును; గరుకుగా నుంచుటయే మేలు. అడుగునకు పావు అంగుళము వాలు వీధివైపునకు ఉండవలెను.

ఇందులకు సామగ్రి దూరమునుండి రానక్కరలేదు. కృష్ణాతీరపు సున్నపురాయిని ఆధారము చేసికొని వాడపల్లి, విష్ణుపురము, మట్టపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఒకప్పుడు పాలమూరు జిల్లాలోనిదైన కొడంగలునకు ఆనుకొనియే నీలి, పసుపు ఛాయల నాపబండలకు నిలయమైన తాండూరు కలదు. ఈ మిట్టసీమ చాలవరకు గ్రానైటు రాతిపైననే నిలిచియున్నది. ఇక చేతులా, గుంపుమేస్త్రీల వెంట దేశమంతట ఆనకట్టలకును కాలువలకును తరలిపోయిన పాలమూరు కూలీలకు కాంక్రీటు స్వభావము నేర్పబనిలేదు.

కాంక్రీటు పోసిన పిదప కనీసము 7 దినములు, ఎండకాలమున 10 దినములు, తడిగోనెలు కప్పియో మడులు కట్టియో నీరు నిలుపవలెను. దాని బలమును 28 దినములకు గణింతురు. గృహస్థునకు ముఖ్యమైన కర్తవ్యము ఇవన్నియు మొదలుకాక ముందే యున్నది: గట్టిపరచిన నేలమీద ఇంటి స్త్రీలచేత ముగ్గుపిండితో చిత్రమును నిజప్రమాణమున వేయించి, సంధి యెచ్చట రావలెనో మేస్త్రీతో కూడి గుర్తించి, ఆ తరువాతనే సిమెంటు కలుపనిచ్చినచో, రేఖాసౌందర్యమెరిగిన చేతికిని కాంక్రీటు గుణమెరిగిన చేతికిని సమన్వయము కుదురును, ఆ సమన్వయము లేక వేసిన చిత్రమును ఎంతటి ఖరీదైన రాయియు కాపాడజాలదు.