చరిత్రకు ముఖం కావలసినప్పుడు: ‘అల్లూరి సీతారామరాజు’ (1974) చిత్రకథనం

స్వాతంత్ర్య వీరుని జీవితాన్ని చలనచిత్రంగా మలిచేటప్పుడు కథకునికి ఎదురయ్యే అసలు చిక్కు వీరకృత్యాలతో కాదు, వాటి కారణాలతో. 1922-24 మన్యం తిరుగుబాటుకు మూలం 1882 అటవీ చట్టం, పోడు వ్యవసాయంపై ఆంక్షలు, రోడ్డు పనుల్లో గిరిజనులచేత చేయించిన వెట్టి. చట్టానికి ముఖం లేదు. కెమెరాకు ముఖం కావాలి.

కృష్ణ నూరవ చిత్రంగా, తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా 1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’లో ఆ ముఖం జగ్గయ్య ధరించిన రూథర్‌ఫర్డ్‌ది. చరిత్రలో రూథర్‌ఫర్డ్ మన్యానికి ప్రత్యేకాధికారిగా వచ్చింది 1924 ఏప్రిల్‌లో. రాజు మరణించింది మే 7న. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై దాడులు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లోనే జరిగాయి. ఆ సెప్టెంబరులో దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ హతులయ్యారు. అంటే రెండేళ్ల పోరులో రూథర్‌ఫర్డ్ పాలు కొద్ది వారాలే. రచయిత త్రిపురనేని మహారథి సంభాషణల బలం ఆ కొద్ది వారాలనే పోరాటమంతటికీ ప్రతీకగా నిలిపింది. తరగతిలో అడిగితే రాజు ప్రత్యర్థిగా విద్యార్థులు చెప్పే పేరు నేటికీ అదే. దీన్ని దోషమనలేను, నాటకీయతకు సమవుజ్జీ అవసరం. అయితే ఆ ఎంపికలో అటవీ చట్టం వెనక్కి జరిగి, పోరు ఇద్దరు వ్యక్తుల ముఖాముఖిగా కుదించుకుపోయింది.

విల్లంబుల విషయమూ ఇటువంటిదే. స్టేషన్ దాడుల లక్ష్యం తుపాకులు, తూటాలు. జనం మనసులో నిలిచిన రాజు మాత్రం విల్లు ధరించిన కాషాయాంబరధారి. విజయనిర్మల పోషించిన సీత పాత్రకైతే జనశ్రుతే ప్రధానాధారం.

నిర్మాణమూ సాఫీగా సాగలేదు. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రీకరణ మధ్యలో మరణించగా, పోరాట సన్నివేశాలను కె.ఎస్.ఆర్. దాస్, మిగిలిన భాగాన్ని కృష్ణ పూర్తిచేశారు. ఇన్ని చేతులు మారినా చిత్రానికి ఏకత్వం నిలవడానికి, నా అంచనాలో, కథ ఒకే వ్యక్తి చుట్టూ తిరగడమే కారణం. దానికి చెల్లించిన మూల్యం గంటందొర, మల్లుదొరలు అనుచరులుగా మిగిలిపోవడం. రాజు మరణానంతరమూ గంటందొర పోరాడి, 1924 జూన్‌లో నేలకొరిగాడు. మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కథ కొయ్యూరులోనే ముగిసే చిత్రంలో ఈ శేషభాగానికి చోటు లేదు.