మోత సరే... పొగ సంగతేమిటి?

ఆదివారం పొద్దున్నే శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు వెళ్తుంటే, ఔటర్ రింగురోడ్డు మీద దూసుకుపోయే స్పోర్ట్స్ కార్లు కనబడుతుంటాయి. ‘అమ్మో, అదేం మోత!’ అని చెవులు మూసుకుంటాం. కానీ భయపడాల్సింది చప్పుడు లేని పొగకి.

ఇంజిన్ సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒక్కచోటికి చేర్చే గొట్టాల గుత్తే ‘హెడర్’. విపరీతంగా కాగడం, చల్లారడం... ఏళ్ల తరబడి ఇదే తంతు. చివరికి అతుకుల దగ్గర పగులుతుంది. బండి స్టార్ట్ చేయగానే ‘టిక్ టిక్’మని, వేడెక్కాక తగ్గిందంటే అనుమానించాల్సిందే. ఆ పగులులోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. కారులోకి చేరితే తలనొప్పి, వికారం, మగత. మనమేమో ‘ప్రయాణం పడలేదు’ అనుకుంటాం! వెంటనే బండి ఆపి బయటి గాలిలోకి రావాలి. మన మామూలు కార్లకీ ఇదే జాగ్రత్త.

హెడర్ మార్చాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గాస్కెట్ కొత్తదే వేయించాలి. తుప్పు పట్టిన బోల్టులు విరుగుతాయి, కాబట్టి మెకానిక్‌ను తొందరపెట్టొద్దు.

‘ఎలాగూ విప్పుతున్నాం కదమ్మా, కేటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేయిస్తా. సౌండ్ అదిరిపోద్ది’ అని అబ్బాయి అంటే మాత్రం ఒప్పుకోకండి. విషవాయువుల్ని తగ్గించేది అదే. శబ్ద, వాయు కాలుష్య పరిమితులు దాటితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే రూ.10,000 దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ.

కారు అబ్బాయిదే కావచ్చు. పక్క సీట్లో కూర్చుని ఆ గాలి పీల్చేది మనం. అందుకే అడగాలి!