వాన లేకున్నా తిరుగుతాయి.. వానొస్తే ఆగిపోతాయి! ఆటోమేటిక్ వైపర్లతో ఎందుకీ తిప్పలు?

బయట ఎండ కాస్తుంటే వైపర్లు పొడి అద్దం మీద కీచుమంటూ తిరుగుతాయి. చినుకులు పడి అద్దం మసకబారితే మాత్రం కదలవు. ఆటోమేటిక్ వైపర్లున్న కార్లు నడిపేవాళ్లు తరచూ చేసే ఫిర్యాదు ఇదే. ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ సౌకర్యం ఇప్పుడు మధ్యతరగతి కొనే కార్ల టాప్ మోడళ్లలోనూ వస్తోంది. ఇంతకీ ఇది ఎలా పనిచేస్తుంది? ఎక్కడ తడబడుతుంది?

సెన్సర్ పని ఇదీ

రియర్ వ్యూ మిర్రర్ వెనక, ముందు అద్దానికి లోపలివైపు ఒక చిన్న సెన్సర్ అంటించి ఉంటుంది. అది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని అద్దంలోకి ఏటవాలుగా పంపిస్తుంది. అద్దం పొడిగా ఉంటే ఆ కాంతి దాదాపు మొత్తం తిరిగి సెన్సర్‌కే చేరుతుంది. పైన నీటి చుక్క ఉంటే కొంత కాంతి అందులోంచి బయటికి పోతుంది. తిరిగొచ్చే కాంతి ఎంత తగ్గితే వాన అంత ఎక్కువని కారు లెక్కేసుకుంటుంది.

చిక్కు ఇక్కడే ఉంది. సెన్సర్ చూసేది అద్దంలో చిన్న ముక్కను మాత్రమే. డ్రైవర్ ముందు చినుకులు నిండినా, ఆ ముక్క మీద పడకపోతే దానికి వాన లేనట్టే. అదే చోట దుమ్ము, జిడ్డు, చచ్చిన పురుగు ఉంటే వాన అనుకోవచ్చు. వైపర్ రబ్బరు అరిగి నీటి పొర వదిలేస్తే మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. అద్దం మార్పించినప్పుడు సెన్సర్ కింద గాలి బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది.

కెమెరాతో ఇంకో తలనొప్పి

టెస్లా కార్లు ప్రత్యేకమైన వాన సెన్సర్ బదులు కెమెరా, సాఫ్ట్‌వేర్‌లతో వానను గుర్తిస్తున్నాయి. పొడి వాతావరణంలో తిరగడం, తుంపర్లకు స్పందించకపోవడం గురించి వాటి యజమానులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చాలాసార్లు వచ్చినా గొడవ పూర్తిగా తీరలేదు.

జర్మనీలో ఒక టెస్లా డ్రైవర్ జోరు వానలో వైపర్ల వేగం మార్చడానికి టచ్ స్క్రీన్ వైపు చూశాడు. కారు రోడ్డు దిగి చెట్లను ఢీకొట్టింది. 200 యూరోల జరిమానా, నెల రోజులు డ్రైవింగ్ నిషేధం పడ్డాయి. 2020లో కార్ల్స్‌రూహె హైకోర్టు ఆ శిక్షను సమర్థించింది. కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి వైపర్లు, ఇండికేటర్లు, హారన్ లాంటి వాటికి చేతితో తాకి వాడే అసలైన స్విచ్‌లు ఉండాలని, లేకుంటే మార్కులు తగ్గుతాయని చెప్పింది.

మీరేం చేయాలి?

- మిర్రర్ ముందున్న అద్దం భాగాన్ని బయటి నుంచి శుభ్రంగా తుడవండి. ఫాస్టాగ్, స్టిక్కర్లు సెన్సర్ కిటికీకి అడ్డం రాకుండా అంటించండి.
- రబ్బరు గట్టిపడినా, గీతలు పడేలా తుడుస్తున్నా బ్లేడ్లు మార్పించండి. మన ఎండలకు రబ్బరు తొందరగా పాడవుతుంది.
- వైపర్ లివర్ మీద సెన్సిటివిటీ తిప్పే రింగ్ ఉంటే ఒక్కో గీత మార్చి చూడండి. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.
- కార్ వాష్‌కు ఇచ్చేటప్పుడు, అద్దం తుడిచేటప్పుడు ఆటో మోడ్ ఆపేయండి. లేదంటే నీళ్లు పడగానే వైపర్లు కదిలి వేళ్లకు దెబ్బ తగలొచ్చు.
- గల్ఫ్‌లో కారు నడిపే మనవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఇసుక గాలి వీచాక ఆటో మోడ్‌లో పొడిగా తిరిగితే అద్దం మీద గీతలు పడతాయి. ముందు నీళ్లు చల్లి ఇసుక కడిగేయాలి.
- అద్దం మార్పిస్తే, డబ్బులు కట్టేముందే నీళ్లు చల్లించి వైపర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.

కొత్త కారు కొనేటప్పుడు షోరూంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆటో పనిచేయకపోతే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వైపర్లు ఆన్ చేయొచ్చా? పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్తుంటే ముందు లారీ ఒక్కసారిగా బురద నీళ్లు చిమ్ముతుంది. అప్పుడు సెన్సర్ కోసం ఎదురుచూడకండి. మీ చెయ్యే లివర్ మీదికి వెళ్లాలి.