గడ్డాలు పెరిగే వరకు యెరికోలో...

అమ్మోనీయుల రాజు నాహాషు చనిపోయాడు. అతడు తనకు చేసిన మేలును దావీదు మరువలేదు. అతని కుమారుడు హానూనును ఓదార్చి రమ్మని తన సేవకులను పంపాడు. వాళ్లు వచ్చింది ఓదార్చడానికి కాదు, పట్టణాన్ని వేగు చూడటానికని అధిపతులు హానూనుకు నూరిపోశారు. అతడు ఆ మాట నమ్మి, వచ్చినవారి గడ్డాలు సగం గొరిగించి, వస్త్రాలు నడిమికి కత్తిరించి పంపేశాడు (2 సమూ. 10:1-5).

మిగతా సగం కూడా తీసేసుకుంటే సరిపోదా అని మనకు అనిపించవచ్చు. కానీ ఇశ్రాయేలీయులకు గడ్డం పురుషుని గౌరవం. దాని అంచులు పాడుచేసుకోకూడదన్నది ధర్మశాస్త్రం (లేవీ. 19:27). ఐగుప్తులో ఆచారం వేరు. అక్కడ నున్నగా గొరిగిన ముఖమే మర్యాద. అందుకే చెరసాలనుంచి వచ్చిన యోసేపు క్షౌరం చేయించుకున్నాకే ఫరో ముందు నిలబడ్డాడు (ఆది. 41:14). అతనికి గౌరవం తెచ్చిన మంగలికత్తే దావీదు సేవకుల పరువు తీసింది.

తర్వాతి చరిత్రా అంతే. మార్టిన్ లూథర్ 1521లో వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకున్నప్పుడు, ఎవరూ గుర్తుపట్టకుండా తనంతట తానే గడ్డం పెంచాడు. రష్యా చక్రవర్తి పీటర్ 1698లో తన ఆస్థాన ప్రముఖుల గడ్డాలు బలవంతంగా కత్తిరించాడు. దేవుడిచ్చిన రూపంగా గడ్డాన్ని ఎంచిన అక్కడి విశ్వాసులకు అది మనస్సాక్షికి తగిలిన గాయం. గడ్డం ఉండటం, లేకపోవడం కాదు సమస్య. ఎదుటివాడి గౌరవం మీద చెయ్యి వేయడమే అసలు పాపం.

దావీదు ఏం చేశాడు? ‘వెంట్రుకలే కదా’ అనలేదు. సభలో నిలబెట్టి జరిగింది చెప్పమనలేదు. మనుషులను ఎదురు పంపి, గడ్డాలు పెరిగేదాకా దారిలోని యెరికోలోనే ఉండి రమ్మన్నాడు.

మన సంఘాల్లోనూ సగం గడ్డంతో తిరిగొచ్చేవారున్నారు. అప్పులపాలైన తండ్రి, కాపురం చెడి పుట్టింటికి చేరిన ఆడబిడ్డ, పరీక్ష తప్పిన విద్యార్థి. మొహం చెల్లక ఆరాధన మానేస్తే ‘విశ్వాసం సన్నగిల్లింది’ అంటాం. వస్తే గుమ్మంలోనే ఆరా తీస్తాం. కాపరిగా నేనూ ఈ పొరపాటు చేశాను. వాళ్లకు ముందు కావలసింది ప్రసంగం కాదు, కొంత సమయం, కొంత చాటు.

వెంట్రుకలు పెరికేవారికి తన చెంపలు అప్పగించిన సేవకుణ్ణి యెషయా చూపాడు (యెషయా 50:6). ఆయనలో సంఘం క్రీస్తును చూసింది. అవమానం బరువు ఎరిగిన ప్రభువు మనకున్నాడు. ఈ వారం మన ఇల్లు ఎవరికైనా యెరికో అవుతుందా?