దుకాణానికి వెబ్‌సైట్: డెవలపర్‌ను ఎలా ఎంచుకోవాలి?



కంప్యూటర్ కోర్సులో చేరిన కొద్ది రోజులకే మీలో చాలామందికి ఇంట్లో ఒక మాట వినిపించి ఉంటుంది. "ఏమ్మా, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా, మన షాపుకు ఒక వెబ్‌సైట్ చేసి పెట్టగలవా?" అని బాబాయో మేనమామో అడుగుతారు. చేయగలిగితే డెవలపర్ మీరే. చేయలేకపోతే మంచి డెవలపర్‌ను వెతికిపెట్టే పని మీ మీద పడుతుంది. ఏ విధంగా చూసినా ఈ పాఠం మీకు పనికివస్తుంది. వెబ్ పేజీలు ఎలా తయారుచేయాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. తయారుచేసే మనిషిని ఎలా ఎంచుకోవాలి, అతని చేతికి ఏది ఇవ్వవచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నది తెలుసుకుందాం.

ఉదాహరణగా కోల్‌కతాలోని కాలేజ్ స్ట్రీట్‌ను తీసుకుందాం. హైదరాబాద్ కోఠీలో, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు చూసినవారు వాటినే ఎన్నో రెట్లు పెంచి ఊహించుకోవచ్చు. 1817లో హిందూ కాలేజీగా మొదలైన ప్రెసిడెన్సీ, 1835లో ఏర్పడిన మెడికల్ కాలేజీ, 1857లో స్థాపించిన కలకత్తా విశ్వవిద్యాలయం ఈ వీధిని ఆనుకునే ఉన్నాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో తత్వశాస్త్ర ఆచార్యులుగా వచ్చింది ఈ విశ్వవిద్యాలయానికే. చదువుల చుట్టూ పుస్తకాల వ్యాపారం పెరిగింది. పెద్ద ప్రచురణకర్తల షాపులూ ఉన్నాయి కానీ, ఎక్కువగా కనిపించేవి కాలిబాట పక్కన చెక్కలతో, రేకులతో కట్టిన చిన్న కొట్లు. మనం పుస్తకం పేరు చెబితే యజమాని ఆ గుట్టల్లోంచి లాగి ఇస్తాడు. ఏ పుస్తకం ఎక్కడ ఉందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

2020లో ఈ వీధికి ఒకదాని మీద ఒకటి రెండు దెబ్బలు తగిలాయి. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మే 20న ఆంఫన్ తుపాను. మూసి ఉన్న కొట్లలోకి నీరు చేరి పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి, కొన్ని వీధిలో తేలాయి. కొనేవారు వీధికి రాలేని రోజుల్లో పుస్తకం వారి దగ్గరకు ఎలా చేరాలి? ఆ ప్రశ్న అక్కడి వ్యాపారికి అప్పటిదాకా అంత గట్టిగా ఎదురు కాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతి కొట్టుకూ వెబ్‌సైట్ అక్కరలేదు. వాడుకగా వచ్చే కొద్దిమందితోనే నడిచే వ్యాపారానికి ఒక ఫోన్ నంబరు, మ్యాప్‌లో గుర్తు, వాట్సాప్‌లో పుస్తకాల పట్టిక సరిపోతాయి. అలాంటివారికి వెబ్‌సైట్ అంటగట్టకుండా "మీకు ఇప్పుడు ఇది అవసరం లేదండి" అని చెప్పే డెవలపర్ దొరికితే అతని నంబరు దాచుకోండి. కానీ సిలిగురిలోనో బర్ధమాన్‌లోనో ఒక విద్యార్థి ఒక పాత పుస్తకం పేరు వెతికితే మన కొట్టు కనిపించాలి అనుకుంటే, అప్పుడు వెబ్‌సైట్ కావాలి.

పేరు, చోటు, సరుకు

వెబ్‌సైట్ అన్నది ఒకే వస్తువులా కనిపిస్తుంది. నిజానికి అందులో మూడు వేరు వేరు వస్తువులు ఉన్నాయి. మొదటిది డొమైన్ నేమ్, అంటే పేరు. రెండవది హోస్టింగ్, అంటే పేజీలు ఉండే సర్వర్‌లో అద్దెకు తీసుకున్న చోటు. మూడవది ఆ చోటులో పెట్టిన పేజీలు, ఫొటోలు, ప్రోగ్రాములు. కొట్టుతో పోల్చుకుంటే బోర్డు మీది పేరు, అద్దె గది, లోపలి సరుకు.

మీరు ఫోన్‌లో ఒక పేరు టైపు చేయగానే ఏం జరుగుతుందో గమనించండి. కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది పేర్లతో కాదు, ఐపీ అడ్రస్ అనే సంఖ్యలతో. అందువల్ల ముందుగా ఆ పేరుకు తగిన సంఖ్య ఏదో తెలుసుకోవాలి. డాట్ ఇన్ పేరయితే, డాట్ ఇన్ పట్టికను నిర్వహించే సర్వర్‌ను అడుగుతుంది. "ఈ పేరు సంగతి ఫలానా నేమ్ సర్వర్‌కు తెలుసు" అని అది చెబుతుంది. ఆ నేమ్ సర్వర్ సంఖ్యను ఇస్తుంది. అప్పుడు గానీ అసలు పేజీ ఉన్న సర్వర్ తలుపు తట్టడం జరగదు. ఇదంతా సాధారణంగా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది.

ఈ వరుసలో "ఫలానా నేమ్ సర్వర్" అన్న చిన్న నమోదును మార్చగలిగేది ఎవరు? ఆ పేరును నమోదు చేసిన రిజిస్ట్రార్ సంస్థ దగ్గర ఖాతా ఎవరిదో వారు. సర్వర్ పాడైతే ఇంకొక సర్వర్ తీసుకోవచ్చు. పేజీలు పోతే మళ్లీ రాయించవచ్చు. పేరు చేజారితే, విజిటింగ్ కార్డుల మీద, రసీదుల మీద, పుస్తకాల అట్టల మీద అచ్చయిన ఆ పేరు మనల్ని కాక ఇంకెవరినో చూపిస్తుంది. దాన్ని అనుసరించి ఉన్న ఈమెయిళ్లు కూడా పోతాయి. ఇంత విలువైన ఈ పేరు మూడింటిలోకీ చవక. ఏడాదికి వెయ్యి రూపాయలకు కొంచెం అటూ ఇటూ. చవక కాబట్టే యజమాని దాన్ని పట్టించుకోడు. "పేరు కూడా నేనే తీసుకుంటాను, ఉచితం" అని డెవలపర్ అనగానే సంతోషిస్తాడు.

నాకు తెలిసిన ఒక చిన్న విజ్ఞాన బృందానికి ఇలాగే జరిగింది. ఉత్సాహవంతుడైన ఒక విద్యార్థి వెబ్‌సైట్ చక్కగా చేసి ఇచ్చాడు. పేరును తన ఈమెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో నమోదు చేశాడు. చదువు ముగించి విదేశానికి వెళ్లాడు, నంబరు మారింది. గడువు ముగుస్తోందని వచ్చిన హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని పెట్టెలో పడ్డాయి. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆ పేరు మీద ఎవరివో ప్రకటనలు ఉన్నాయి. ఆ కుర్రవాడి మనసులో మోసం లేదు. అడగవలసిన ప్రశ్న మేమెవరమూ అడగలేదు, నాతో సహా.

గడువు ముగిసిన వెంటనే పేరు పోదు. డాట్ కామ్ వంటి పేర్లకు రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల దాకా మామూలు రుసుముతో పునరుద్ధరించుకునే వీలు ఉండవచ్చు. ఆ తర్వాత 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి, అది కూడా పాత హక్కుదారు మాత్రమే వెనక్కు తెచ్చుకోవచ్చు. మరో 5 రోజులు గడిచాక పేరు ఎవరికైనా దొరుకుతుంది. పేరు ఎవరి దగ్గర నమోదైంది, గడువు ఎప్పుడు అన్న వివరాలు ఎవరైనా చూడవచ్చు. హూయీజ్ అని పిలిచే ఈ వెతుకుడు స్థానంలో డాట్ కామ్ వంటి పేర్లకు 2025 నుంచి ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. 2018 తర్వాత వ్యక్తుల వివరాలు చాలావరకు కనిపించడం లేదు కానీ గడువు తేదీ కనిపిస్తుంది. ఇప్పుడే మీకు తెలిసిన ఒక దుకాణం పేరుతో ప్రయత్నించి చూడండి.

పేరుకు చట్టం రక్షణ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలతో "సిఫీ" అనే మాటను తయారుచేసుకుని 1999లో ఆ మాటతో డొమైన్ నేమ్‌లు నమోదు చేసుకుంది. తర్వాత ఇంకొక సంస్థ అక్షరం తేడాతో "సిఫీనెట్" పేరు తీసుకుంది. అది తమ ఐదుగురు వ్యవస్థాపకుల పేర్ల మొదటి అక్షరాలని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు ఒక రకంగా, కర్ణాటక హైకోర్టు మరొక రకంగా చెప్పాయి. చివరకు 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు ఇచ్చింది. డొమైన్ నేమ్ కేవలం చిరునామా కాదని, వ్యాపార చిహ్నం లాగానే దానికీ రక్షణ వర్తిస్తుందని చెప్పిన ఈ తీర్పును రాసింది, అంతకుముందు కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ రుమా పాల్. అయితే పెద్ద సంస్థ మూడు కోర్టుల మెట్లు ఎక్కగలదు. కాలేజ్ స్ట్రీట్‌లో నాలుగడుగుల కొట్టువాడు ఎక్కగలడా? అందుకే మొదటి రోజునే పేరును యజమాని తన పేరుతో, తన ఈమెయిల్‌తో, తన ఫోన్‌తో నమోదు చేసుకోవాలి. డెవలపర్ పక్కన కూర్చుని సాయం చేయవచ్చు.

డబ్బిచ్చినంత మాత్రాన మనదవుతుందా?

ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందకు వస్తుంది. దానికి మొదటి హక్కుదారు రాసినవారే. జీతం ఇచ్చి పెట్టుకున్న ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. కానీ బయటి డెవలపర్ మన ఉద్యోగి కాడు. మొత్తం డబ్బు చెల్లించినా, రాతపూర్వకంగా హక్కు బదిలీ చేసి సంతకం పెట్టకపోతే కోడ్‌పై కాపీరైట్ అతనిదే. విచిత్రం ఏమిటంటే, ఫొటోగ్రాఫర్‌కు డబ్బిచ్చి కొట్టు ఫొటోలు తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు వాటి హక్కు తీయించుకున్నవారిదే. ఒకే పేజీలో ఫొటో మనది, దాన్ని చూపించే కోడ్ మనది కాదు.

బదిలీ పత్రం రాసుకున్నా అందులో కాలం రాయకపోతే 5 సంవత్సరాలకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అది పరిమితమని అదే చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అన్న రెండు మాటలు కాగితం మీద ఉండాలి. డెవలపర్ తాను అన్ని పనుల్లోనూ వాడే సొంత భాగాలను మనకు రాసివ్వకపోవచ్చు. అది న్యాయమే. అప్పుడు వాటిని వాడుకునే అనుమతి శాశ్వతంగా ఇస్తున్నట్లు రాయించుకోవాలి. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ వంటి అందరికీ అందుబాటులో ఉన్న సాధనంతో చేయిస్తే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. ఈయన వెళ్లిపోయినా అదే పని తెలిసిన ఇంకొకరు దొరుకుతారు. చిన్న కొట్టుకు ఎవరికీ అర్థం కాని గొప్ప కోడ్ కన్నా నలుగురికీ తెలిసిన మామూలు కోడ్ మేలని నా అభిప్రాయం.

పనితనాన్ని పరీక్షించడం

డెవలపర్ తన పాత పనులను తన లాప్‌టాప్‌లో చూపిస్తాడు. అక్కడ అన్నీ అందంగానే ఉంటాయి. మీరు వాటిని మామూలు ఫోన్‌లో, వైఫై ఆపి తెరవండి. చిన్న లెక్క చేద్దాం. ఫోన్‌తో తీసిన అట్ట ఫొటో ఒక్కొక్కటి 4 మెగాబైట్లు అనుకోండి. పేజీలో 12 ఫొటోలు ఉంటే 48 మెగాబైట్లు. బైట్‌కు 8 బిట్లు కాబట్టి 384 మెగాబిట్లు. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో అవి దిగడానికి 96 సెకన్లు. అంతసేపు ఎవరూ ఆగరు. అవే ఫొటోలను ఒక్కొక్కటి 200 కిలోబైట్లకు కుదిస్తే మొత్తం 2.4 మెగాబైట్లు, అంటే 19.2 మెగాబిట్లు. 5 సెకన్లలోపే వస్తాయి. కుదించడం కష్టమైన పని కాదు. చేయలేదంటే ఫోన్‌లో చూసేవారి గురించి ఆలోచించలేదని అర్థం.

రెండవ పరీక్ష అక్షరాలది. పేజీలోని ఒక బెంగాలీ లేదా తెలుగు పుస్తకం పేరును కాపీ చేసి వెతికే పెట్టెలో అతికించండి. అక్షరాలు అలాగే వస్తే అది యూనికోడ్. పిచ్చి గుర్తులు వస్తే పాత రకం ఫాంట్. అసలు కాపీ కాకపోతే అక్షరాల స్థానంలో బొమ్మ పెట్టి ఉండవచ్చు. ఒకప్పుడు మన తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కూడా సొంత ఫాంట్లతో నడిచేవి, వెతికితే దొరికేవి కావు. పుస్తకాల కొట్టుకు పేరు వెతికితే దొరకడమే ప్రాణం.

ఆ తర్వాత, ఆయన రెండు మూడేళ్ల క్రితం చేసిన వెబ్‌సైట్ యజమానికి ఫోన్ చేయండి. నిన్న చేసిన పనిని అందరూ మెచ్చుకుంటారు. "ధర మార్చాలంటే మీరే మార్చుకుంటున్నారా, ఆయన కోసం ఆగుతున్నారా?" అని అడగండి. పుస్తకాల ధరలూ నిల్వలూ రోజూ మారతాయి. మార్పు మార్పుకూ డెవలపర్‌కు ఫోన్ చేయవలసి వస్తే నాలుగు నెలల్లో ఆ వెబ్‌సైట్ పాత క్యాలెండర్ అవుతుంది.

ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవాలంటే కార్డు వివరాలను దుకాణం తన దగ్గర దాచుకోకూడదు. 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ దీన్ని అమలు చేస్తోంది. "కార్డు నంబర్లు మన సర్వర్‌లోనే పెడదాం, సులువు" అనే డెవలపర్‌కు నమస్కారం చెప్పి వచ్చేయండి. చెల్లింపుల పని పేమెంట్ గేట్‌వే సంస్థలకు వదిలేయాలి.

డబ్బు విడతలుగా ఇవ్వాలి. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఏ తేదీకి అన్నది రాసుకోవాలి. ముందుగా ఒక చిన్న పని, ఉదాహరణకు ఒకే పేజీ, డబ్బిచ్చే చేయించి చూడవచ్చు. పని ఎలా ఉందన్నదానితో పాటు, ఫోన్ ఎత్తుతాడా, అర్థమయ్యేలా చెబుతాడా అన్నది అందులోనే తెలిసిపోతుంది. ఉచితంగా చేయించుకోకండి. రేపు ఆ కుర్చీలో మీరే ఉండవచ్చు.

చివరి విడతను అప్పగింత రోజు వరకు ఆపండి. ఆ రోజు యజమాని తన ఫోన్‌తో రిజిస్ట్రార్ ఖాతా, హోస్టింగ్ ఖాతా, వెబ్‌సైట్ నిర్వహణ పేజీ మూడింటిలోకి వెళ్లి పాస్‌వర్డ్‌లు మార్చాలి. మొత్తం సైట్ నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, దాన్ని ఇంకొక చోట పెట్టి తెరిపించి చూపమనాలి. తెరుచుకోని నకలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అది తెరుచుకున్నాక, డెవలపర్ పాత పాస్‌వర్డ్‌తో ఒకసారి లోపలికి వెళ్లడానికి ప్రయత్నించాలి. అతనికి తలుపు తెరుచుకోక, యజమానికి తెరుచుకుంటే, మిగిలిన డబ్బు ఆ క్షణమే ఇచ్చేయవచ్చు.